పదిలో తొమ్మిది తీసెయ్యి

చిరంజీవికి ఆశీస్సులు.

ఫ్యూచురామా అనే అమెరికన్ కార్టూన్ సిరీస్ మీద నువ్వు రాసి, చూసి చెప్పమని పంపిన వ్యాసం నాలుగు రోజులుగా నా బల్ల మీదే ఉంది. 'ఫ్యూచురామా కొత్తగా చూసేవాళ్ళు తప్పక చూడాల్సిన పది ఎపిసోడ్లు'. మొదటిసారి మూడో పేరా దాకా చదివి పక్కన పడేశాను. కోపం వచ్చింది. జురాసిక్ బార్క్ గురించి రాస్తూ చివరి నిమిషంలో ఏం జరుగుతుందో మొత్తం చెప్పేశావు. ఆ ఎపిసోడ్ వచ్చింది 2002 నవంబరులో. చూడనివాళ్ళ ముందు ఆ చివరి నిమిషం ఊసెత్తకుండా నోరు కట్టుకునే మనుషుల్ని నేను ఎందరినో చూశాను. కొత్తవాళ్ళ కోసం అని పేరు పెట్టిన నువ్వేమో దాన్ని వాళ్ళ చేతికి అందకముందే లాగేసుకున్నావు.

రెండోసారి మొదటినుంచి చివరిదాకా చదివాను కాబట్టే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఏడో నంబరు దగ్గర బ్రాకెట్లో ఒక వాక్యం ఉంది. మీ తమ్ముడికి ముందుగా జురాసిక్ బార్కే చూపించావట. వాడు "ఈ రోబోకి అంత కుళ్ళెందుకు?" అని అడిగి, మధ్యలోనే లేచి వెళ్ళిపోయాడట. అంతే, బ్రాకెట్ మూసేసి ఎనిమిదో నంబరుకి వెళ్ళిపోయావు. ఇరవై నిమిషాలు నేను ఆ బ్రాకెట్ దగ్గరే ఆగిపోయాను. నీ వ్యాసం మొత్తంలో ప్రాణమున్న వాక్యం అదొక్కటే.

మీ తమ్ముడు అడిగింది సరైన ప్రశ్న. 1999 డిసెంబరు 31 రాత్రి పిజ్జా ఇవ్వడానికి వెళ్ళి, గడ్డకట్టించే యంత్రంలో పడిపోయి, వెయ్యేళ్ళ తర్వాత కళ్ళు తెరిచినవాడు ఫ్రై. తెలిసినవాళ్ళంతా పోయారు. ఆ లోకంలో అతనికి దొరికిన మొదటి స్నేహితుడు బెండర్ అనే రోబో. తాగుతాడు, దొంగతనాలు చేస్తాడు, మనుషులంటే లెక్కలేదు, ఫ్రై మాత్రం తనవాడే అనుకుంటాడు. జురాసిక్ బార్క్‌లో ఫ్రైకి మ్యూజియంలో తన పాత కుక్క శిలాజం కనబడుతుంది. అప్పుడు బెండర్‌కి పుట్టే కుళ్ళు, అంతకుముందు వాళ్ళిద్దరూ ఒకే ఇంట్లో సర్దుకుని బతకడం చూసినవాళ్ళకే తెలుస్తుంది. 1999 మార్చిలో మొదలైన ఈ సిరీస్ ఆ స్నేహాన్ని మూడేళ్ళకు పైగా కూడబెట్టి, అక్కడ ఖర్చుపెట్టింది. కూడబెట్టడం చూడనివాడికి ఆ ఖర్చు విలువ ఎలా తెలుస్తుంది? నువ్వు పెద్ద తెలివిగా దాన్ని ఒకటో నంబరులో పెట్టావు.

పాతికేళ్ళుగా కార్టూన్ల మీద రాస్తున్నాను. ఈ విషయంలో నాకు ఒకటే పట్టు. ఎదుట ఎవరున్నారో తెలియకుండా ఎపిసోడ్ పేరు చెప్పకూడదు. ఒక మనిషికి ఒక ఎపిసోడ్. అది నచ్చి వచ్చి అడిగితే అప్పుడు రెండోది.

లెక్కలు, చిక్కుముడులు ఇష్టపడేవాడైతే 2010లో వచ్చిన ద ప్రిజనర్ ఆఫ్ బెండా చెప్పు. మనసులు ఒక ఒంట్లోంచి ఇంకో ఒంట్లోకి మార్చే యంత్రం ఉంటుంది. ఒకసారి మార్చుకున్న ఇద్దరు మళ్ళీ నేరుగా మార్చుకోలేరు, అదే చిక్కు. దాన్ని విప్పడానికి రచయిత కెన్ కీలర్ నిజంగానే ఒక గణిత సిద్ధాంతాన్ని నిరూపించాడు. గణితంలో డాక్టరేట్ ఉన్న మనిషి ఆయన. ఆ సిద్ధాంతం ఏమిటో మాత్రం చెప్పకు, తెర మీదే చూడనీ. దేవుడు ఉన్నాడా లేడా అని రాత్రుళ్ళు వాదించేవాడైతే గాడ్‌ఫెలాస్ చెప్పు. బెండర్ ఒంటరిగా అంతరిక్షంలో కొట్టుకుపోతుంటాడు, అతని ఒంటి మీదే చీమంత మనుషులు కాపురం పెట్టి అతనికి మొక్కుతారు. అంతవరకు చెప్పి ఊరుకో. ఏమీ తెలియని మనిషి, హాయిగా నవ్వుకుంటే చాలు అంటే రాస్‌వెల్ దట్ ఎండ్స్ వెల్. అందరూ పొరపాటున 1947కి వెళ్ళిపడతారు. 2002లో ఎమ్మీ అవార్డు వచ్చింది దానికే. కథ తనంతట తనే నిలబడుతుంది, ముందు వెనకలు తెలియకపోయినా నడుస్తుంది. నీ పదింటిలో అది తొమ్మిదోది! ఎందుకు అంత కింద పెట్టావో నాకు అర్థం కాలేదు.

ఈ లిస్టుల పిచ్చి నీది కాదని నాకు తెలుసు. నేను రాయడం మొదలుపెట్టిన రోజుల్లో ఒక వారపత్రిక సంపాదకుడు 'టాప్ టెన్' లేకపోతే వ్యాసం వెయ్యనన్నాడు. ఒక్క ఎపిసోడ్ మీద ఆరు పేజీలు రాసి తీసుకెళ్ళాను. పేజీలు తిప్పనైనా తిప్పలేదు, "పేర్లు, స్టార్లు ఇవ్వండి చాలు" అన్నాడు. డబ్బు అవసరం ఉండి ఇచ్చాను. అచ్చయ్యాక చూస్తే నా వరస కూడా మార్చేశాడు. ఏడిపించేవన్నీ పైకి, నవ్వించేవన్నీ కిందికి. ఏడుపే అమ్ముడుపోతుందని ఆయన లెక్క. అప్పటినుంచి ఏ కార్టూన్ గురించి ఎవరు రాసినా "చూస్తే ఏడుస్తారు" అన్నదే పొగడ్తగా తయారైంది. కామెడీ రాసినవాళ్ళు ఇరవై రెండు నిమిషాలు నవ్వించడానికి పడ్డ కష్టానికి విలువే లేకుండా పోయింది. నాకు ఈ ఫ్యాషన్ మీద కోపం ఇప్పటికీ తగ్గలేదు, తగ్గించుకోవాలని కూడా లేదు.

ఇంకో సంగతి నీకు చెప్పాలి. ద లక్ ఆఫ్ ద ఫ్రైరిష్ అంటే నాకు ప్రాణం. అన్నదమ్ముల కథ. ఏడు రేకుల ఆకు ఒకటి, దానికోసం చిన్నప్పటి పోట్లాట. ఒకసారి ఒక స్నేహితుడు, "ఏదైనా మంచి కార్టూన్ చెప్పు, మనసు బాలేదు" అని అడిగితే వెనకా ముందూ ఆలోచించకుండా అదే చెప్పాను. ఆరు వారాల కిందటే అతని అన్న పోయాడు. నాకు తెలుసు. తెలిసి కూడా చెప్పాను, ఎందుకంటే ఆ క్షణంలో నేను అతని గురించి ఆలోచించలేదు, నాకు నచ్చిన ఎపిసోడ్ గురించి ఆలోచించాను. చాలా రోజులు అతను నాకు ఫోన్ చెయ్యలేదు. చేసినప్పుడు ఆ ఎపిసోడ్ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేకపోయాను. నీ తమ్ముడు లేచి వెళ్ళిపోవడం నయం. కొందరు కూర్చుని చివరిదాకా చూస్తారు.

1729 గురించి రెండు పేరాలు బాగా రాశావు. రామానుజన్ సంఖ్య బెండర్‌కి వచ్చిన కార్డు మీద కనబడిందని నువ్వు సంబరపడ్డావు, నేనూ అప్పట్లో అలాగే గంతులేశాను. కానీ మొదటిసారి చూసేవాడికి అది కనబడదు, కనబడనక్కర్లేదు. వాటిని తీసి దాచుకో, ఇంకో వ్యాసానికి పనికొస్తాయి.

సీజన్ నంబరు, ఎపిసోడ్ నంబరు వేశావు చూడు, అవి కూడా తీసెయ్యి. పేరు రాస్తే చాలు. అమెరికాలో మొదట వీటిని ప్రసారం చేసిన ఫాక్స్ చానల్ తయారైన వరసలో వెయ్యలేదు. ఆదివారం ఏడు గంటలకు పెట్టి, ఫుట్‌బాల్ మ్యాచ్ సాగినప్పుడల్లా ఆపేసేది. అలా మిగిలిపోయినవి తర్వాతి ఏడాదికి జరిగేవి. నాలుగు సీజన్లుగా తీసినవి ఐదుగా ప్రసారమయ్యాయి. అందుకే ఒకచోట మూడో సీజన్ అన్నది ఇంకోచోట నాలుగోది అవుతుంది. నువ్విచ్చిన నంబరు పట్టుకుని వెళ్ళినవాడు వేరే ఎపిసోడ్ చూసి, నీ అభిరుచిని తిట్టుకుంటాడు.

మొదటి ఎపిసోడ్‌తో మొదలుపెట్టమనడం చాదస్తం అని రాశావు. నేను ఒప్పుకోను. స్పేస్ పైలట్ 3000 మెల్లగా నడుస్తుంది, నిజమే, జోకులు ఇంకా పదునెక్కలేదు. ఆత్మహత్య చేసుకునే బూత్ ముందు క్యూలో ఫ్రై, బెండర్ కలుసుకోవడం కొందరికి మింగుడుపడదు, ఎవరికి చూపిస్తున్నావో ముందే ఆలోచించుకో. కానీ ఫ్రై కుర్చీలో వెనక్కి ఊగి ఆ యంత్రంలోకి పడే ముందు, బల్ల కింద ఒక చిన్న నీడ కదులుతుంది. 1999లో చూపించిన ఆ నీడ ఎవరిదో 2003లో ద వై ఆఫ్ ఫ్రై అనే ఎపిసోడ్ వచ్చేదాకా మాలో ఎవరికీ తెలియదు. నాలుగేళ్ళు! అది చూసిన రాత్రి నేను పాత టేపు వెతికి, ఆ ఒక్క చోట ఆపి, మళ్ళీ మళ్ళీ తిప్పి చూశాను. ఇలాంటి రాత్రి ఇంకొకరికి దొరకాలంటే నువ్వు చెయ్యాల్సింది, బల్ల కింద చూడమని చెప్పడం కూడా కాదు. నోరు మూసుకోవడం. నేను నీకు చెప్పింది నువ్వు ఇప్పటికే చూశావు కాబట్టి.

నువ్వడిగిన మిగతా ప్రశ్నలకి, అంటే 2023లో సిరీస్ మళ్ళీ మొదలయ్యాక వచ్చిన సీజన్లు కలపాలా, ఎక్కడికి పంపాలి లాంటివాటికి, ఇప్పుడు జవాబు రాయను.

వ్యాసాన్ని బ్రాకెట్లోని ఆ వాక్యంతో మొదలుపెట్టు. మీ తమ్ముడికి దేనికి నవ్వొస్తుంది, దేనికి విసుగొస్తుంది, ఇంట్లో ఎవరితో పోట్లాడతాడు, అవి రాయి. వాడికి ఏ ఒక్క ఎపిసోడ్ చూపించి ఉండాల్సిందో ఆలోచించి, ఆ ఒక్కదాని గురించే రాయి. రాసేముందు ఆ ఎపిసోడ్ వాడికి నిజంగా చూపించు. వాడి పక్కన కూర్చో, తెరవైపు చూడకు, వాడి మొహం చూడు. ఎక్కడ నవ్వాడో, ఎక్కడ ఫోన్ తీశాడో గుర్తుపెట్టుకుని నాకు పంపు. ఈసారి వాడు లేచి వెళ్ళిపోయినా సరే, ఏ నిమిషంలో లేచాడో రాయి.

ఉంటాను.