పాంపేయి వెళ్తున్న మేనల్లుడికి

చిరంజీవి శ్రీనివాస్‌కు మామయ్య ఆశీస్సులు.

ఫోనులోనే అన్నీ చదువుకోవచ్చు కదా, ఇటలీలో అగ్నిపర్వతపు బూడిద కింద పూడిపోయిన ఆ పాత రోమన్ ఊరు పాంపేయిలో గైడు దండగ కాదా అని అడిగావు. దండగ కాదు. చూడటం తెలియకపోతే అక్కడ మొండిగోడలు తప్ప ఇంకేమీ కనబడవు. అలాగని ఊరంతా తిప్పమని మాత్రం అడగకు. 66 హెక్టార్ల ఊరు అది, అందులో తవ్వింది మూడింట రెండు వంతులే. రెండు గంటలు మాట్లాడుకుని, ఒక వీధి, ఒక ఇల్లు, ఒక రొట్టెల బట్టీ తీరిగ్గా చూపించమను. మిగతాది నువ్వే తిరుగు.

నేపుల్స్ నుంచి సొరెంటో వెళ్లే లోకల్ రైలెక్కితే ప్రవేశద్వారం ఎదురుగానే దిగుతావు. దిగగానే గైడులమంటూ చుట్టుముడతారు. మొహమాటపడకుండా లైసెన్సు కార్డు చూపించమను. ప్రవేశ టికెట్టు గైడు రుసుములో కలిసిందో లేదో ముందే తేల్చుకో. టికెట్టు పేరు మీద ఇస్తారు, రోజుకు 20,000 మందికి మించి రానివ్వరు కాబట్టి పాస్‌పోర్టు దగ్గరుంచుకో. పెద్ద సంచులు లోపలికి రానివ్వరు.

గైడుకు విషయం తెలుసో లేదో కనుక్కోవడానికి ఒక్క ప్రశ్న చాలు: క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలై ఊరిని పూడ్చేసింది ఏ నెలలో? ఆగస్టు అని వల్లించి ఊరుకుంటే పాత పాఠమే. 2018లో ఒక ఇంటి గోడ మీద దొరికిన బొగ్గు రాతలో అక్టోబరు తేదీ ఉంది. ఆ సంగతి తనంతట తాను ఎత్తితే అదృష్టం, ఇక ఆ మనిషిని వదలకు.

వీధిలో అడ్డంగా ఎత్తయిన రాళ్లు కనిపిస్తాయి. రోడ్డు మీద పారే మురుగులో కాలు పెట్టకుండా జనం వాటి మీదుగా దాటేవారు. రాళ్ల మధ్య సందుల్లో బండి చక్రాలు కోసిన గాట్లు ఇంకా ఉన్నాయి, వంగి వేలు పెట్టి చూడు. మూలమీద రాతితొట్టి కనిపిస్తే దాని అంచు తడుము. నీళ్లు తాగడానికి వంగినవాళ్లు చెయ్యి ఆనించీ ఆనించీ రాయి గుంటపడింది. నాకైతే రాజకీయ సభాస్థలి కన్నా అదే ఎక్కువ నచ్చింది. వేశ్యాగృహం ముందు పెద్ద వరుస ఉంటుంది. ఆ ఇరుకు గదుల కోసం అంతసేపు నిలబడటం వృథా.

శవాలు కుళ్లిపోగా బూడిదలో మిగిలిన బోలు జాగాల్లో 1863లో తవ్వకాల అధికారి ఫియొరెల్లి ప్లాస్టరు పోయించి తీసిన మనుషుల రూపాలు కూడా చూస్తావు. వాటి పక్కన సెల్ఫీ దిగకు నాయనా, అవి చచ్చిపోతున్న మనుషుల ఆకారాలు.

నీడ తక్కువ, దారంతా ఎగుడుదిగుడు రాళ్లు. గట్టి బూట్లు, టోపీ, ఖాళీ సీసా చాలు. తాగునీటి కుళాయిలు లోపలే ఉన్నాయి.

మర్నాడు నేపుల్స్ పురావస్తు మ్యూజియానికి వెళ్లు. పాంపేయి గోడల నుంచి తీసిన మంచి చిత్రాలు అక్కడే ఉన్నాయి. మన దేశంలో చెక్కిన చిన్న దంతపు స్త్రీమూర్తి కూడా అక్కడే ఉంది, 1938లో పాంపేయి తవ్వకాల్లో దొరికింది. మంగళవారం మ్యూజియం మూసేస్తారు, చూసుకుని బయలుదేరు.

మామయ్య