సోనోమా బయల్దేరే ముందు

చి. ల. సౌ. స్వాతికి పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో ఈ శనివారం మన కాలిఫోర్నియాలోనే, శాన్ ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన ఉన్న సోనోమా కౌంటీకి వెళ్లే ప్లాన్ చెప్పావు. పొద్దున్నే ఫ్రీమాంట్‌లో బయల్దేరి హీల్డ్స్‌బర్గ్‌లో వైన్ తయారుచేసే వైనరీలు రెండు, మధ్యాహ్నం బొడేగా బేలో సముద్రం, సాయంత్రం రెడ్‌వుడ్ మహావృక్షాలు, రాత్రికి ఇల్లు అన్నావు. అప్పుడే చెబుదామనుకున్నాను కానీ వెనక చంటిది ఏడుస్తోంది, నీ ధ్యాసంతా అటే ఉంది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. ఆ ప్లాన్‌లో సగం కొట్టెయ్. మిగిలిన దాంట్లో మళ్లీ సగం కొట్టెయ్. అయిదేళ్లవాడికీ రెండేళ్లదానికీ రోజుకి ఒక్క చోటు చాలు.

ముప్ఫై ఏళ్లుగా ఆ దారుల్లో తిరుగుతున్నాం. ముందు మా పిల్లలతో, తర్వాత ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో, ఇప్పుడు మనవలతో. ఏ ట్రిప్పు బాగా జరిగిందని వెనక్కి తిరిగి చూసుకుంటే, తక్కువ చోట్లు చూసినవే గుర్తొస్తున్నాయి.

ఈసారికి సముద్రం ఒక్కటే పెట్టుకో. దాని గురించి కాస్త గట్టిగానే చెబుతాను, ఏమీ అనుకోకు. మనం కాకినాడ వాళ్లం. సముద్రం అంటే మనకి చెప్పులు చేత్తో పట్టుకుని, కుచ్చిళ్లు కాస్త పైకెత్తి, వెచ్చటి నీళ్లల్లో నిలబడటం. పసిఫిక్ అలాంటిది కాదు. అక్కడ నీళ్లు ఎండాకాలంలో కూడా 10 నుంచి 13 డిగ్రీలే ఉంటాయి. పది నిమిషాలు చిన్న అలలొస్తాయి, ఏమీ లేదులే అనుకుంటాం. ఉన్నట్టుండి ఒక పెద్ద అల ఒడ్డు మీదికి చాలా దూరం పాక్కుంటూ వచ్చేస్తుంది. 'స్నీకర్ వేవ్' అంటారు ఇక్కడ.

మా పెద్దాడికి అప్పుడు నాలుగేళ్లు. జెన్నర్ దగ్గర గోట్ రాక్ బీచ్‌లో రాళ్లు ఏరుకుంటున్నాడు. నేను వాడి పక్కనే ఉన్నాను, కానీ నీళ్లకి వీపు పెట్టి సంచీలో బిస్కెట్ ప్యాకెట్ వెతుకుతున్నాను. అల నా మోకాళ్లని తాకేసరికి వాడు నడుము దాకా మునిగిపోయాడు. వెనక్కి పోతున్న నీళ్లతో పాటు కాళ్ల కింద గులకరాళ్లు కూడా జరజరా జారిపోతున్నాయి, నిలబడటానికి పట్టు లేదు. మీ పెదనాన్న పరిగెత్తుకొచ్చి చొక్కా కాలర్ పట్టుకుని లాగారు. ఒక బూటు సముద్రంలో పోయింది. ఆ కాలర్ చిరిగిన చొక్కా ఇప్పటికీ నా బీరువాలో ఉంది. కాబట్టి గోట్ రాక్‌లో చిన్నపిల్లల్ని నీళ్ల దగ్గరికి తీసుకెళ్లకు. అక్కడ రష్యన్ నది సముద్రంలో కలిసే చోట ఇసుక మీద హార్బర్ సీల్స్ అనే సముద్రపు జంతువులు బారులు తీరి పడుకుని ఉంటాయి, చూడాల్సిందే, కానీ పైన హైవే 1 పక్కన ఆగే చోటుంది, బైనాక్యులర్స్‌తో అక్కడి నుంచి చూపించు. కిందికి వెళ్లినా వాటికి కనీసం 50 గజాల దూరంలో ఉండాలి. దగ్గరికి వెళితే బెదిరి నీళ్లలోకి దూకుతాయి, వాటి పిల్లలు తల్లుల నుంచి విడిపోతాయి.

మీరు వెళ్లాల్సింది డోరన్ బీచ్. బొడేగా బేలోనే కౌంటీ పార్కు అది. హోప్ ఐలాండ్ అడ్డుగా ఉండబట్టి కాకినాడ దగ్గర సముద్రం ఎంత నెమ్మదిగా ఉంటుందో నీకు తెలుసు కదా. ఇక్కడ కూడా బొడేగా హెడ్ అనే కొండ పెద్ద అలల్ని చాలావరకు ఆపేస్తుంది. కారుకి పార్కింగ్ ఫీజు తీసుకుంటారు, బాత్‌రూమ్‌లు ఉన్నాయి, ఇసుక చదునుగా ఉంటుంది. అలా అని అక్కడ కూడా నీళ్లకి వీపు పెట్టకు. ఇద్దరు పిల్లలకి ఇద్దరు పెద్దవాళ్లు, ఎవరి పిల్ల ఎవరి బాధ్యతో కారు దిగకముందే అనుకోండి. "నువ్వు చూస్తున్నావనుకున్నాను" అనే మాట సముద్రం దగ్గర రాకూడదు.

వాళ్లకి అక్కడ చేయడానికి బోలెడు పని. అల వెనక్కి వెళ్లగానే తడి ఇసుక మీద చిన్న చిన్న 'వి' ఆకారపు గీతలు కనిపిస్తాయి. అక్కడ చేత్తో తవ్వితే గుడ్డు ఆకారంలో, బూడిద రంగులో ఇసుక పీతలు దొరుకుతాయి. కరవవు. అరచేతిలో తడి ఇసుకతో పాటు పెట్టుకుంటే వెనక్కి వెనక్కి తవ్వుకుంటూ వేళ్ల సందుల్లోకి దూరతాయి, గిలిగింతలు పెట్టినట్టుంటుంది. మా మనవరాలు ఒక గంటసేపు ఆ ఒక్క పనే చేసింది. చూడటం అయ్యాక మళ్లీ ఇసుకలోనే వదిలేయమని చెప్పు.

ఆగస్టు కదా అని బట్టల విషయంలో మోసపోకు. ఫ్రీమాంట్‌లో 30 దాటినా అక్కడ తెల్లటి పొగమంచులో 15 డిగ్రీలు ఉండొచ్చు. లోపలి ప్రాంతం వేడెక్కినకొద్దీ సముద్రం మీది చల్లగాలిని, పొగమంచుని లోపలికి లాక్కుంటుంది. ఆ మంచే సోనోమా కోస్ట్‌లో పీనో న్వార్ ద్రాక్షని కాపాడేది కూడా, చల్లటి రాత్రులు లేకపోతే దానికి ఆ రుచి రాదు. ద్రాక్షకి మంచిదే, చంటిదానికి మాత్రం చెవులు మూసే టోపీ కావాలి. ఒక్కొక్కరికి రెండేసి జతలు ఎక్కువ పెట్టు, నీకు కూడా. ఎండలో సముద్రం చూడాలంటే సెప్టెంబర్, అక్టోబర్ నెలలు మేలు.

ఎనిమిదింటికల్లా బయల్దేరండి. పెటలూమాలో ఆగి బాత్‌రూమ్, పెట్రోలు చూసుకుని, ఫోన్‌లో మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి, కోస్ట్‌లో సిగ్నల్ సరిగా రాదు. అక్కడి నుంచి వ్యాలీ ఫోర్డ్ మీదుగా వెళితే మలుపులు తక్కువ. జెన్నర్ దాటి ఉత్తరానికి వెళితే రోడ్డు కొండ అంచున మెలికలు తిరుగుతుంది, నీ పెద్దాడు వాంతి చేసుకోకుండా ఉండడు. 1812లో రష్యన్లు కట్టిన ఫోర్ట్ రాస్ కోట అటే ఉంది. వాడు ఇంకో మూడు నాలుగేళ్లు పెరిగాక ఫిరంగులు చూపించడానికి తీసుకెళ్లొచ్చు.

తిండి ఇంటి నుంచే. పెరుగన్నం ఐస్ బాక్స్‌లో, వేడి పాలు ఫ్లాస్క్‌లో. గాలికి ఇసుక లేస్తుంది కాబట్టి బీచ్‌లో కాకుండా కార్లోనే తినిపించు. ఒంటిగంటన్నరకి కారెక్కితే పిల్లలిద్దరూ దారిలో నిద్రపోతారు. వచ్చేటప్పుడు సెబాస్టపూల్ మీదుగా రండి. ఇది గ్రావెన్‌స్టైన్ ఆపిల్ సీజన్. త్వరగా మెత్తబడిపోతుంది, దూరాలకి పంపలేరు, అందుకే మన షాపుల్లో పెద్దగా కనిపించదు. రోడ్డు పక్క తోటల వాళ్ల దగ్గర దొరుకుతుంది. పుల్లగా, గట్టిగా ఉన్నవి ఏరి ఒక సంచీ నాకు కూడా తీసుకురా. చెక్కు తీయకుండా ముక్కలు కోసి ఆవపిండి, కారం, ఉప్పు, నూనె కలిపితే మన మామిడి ముక్కల పచ్చడికి చాలా దగ్గరగా ఉంటుంది.

ఇక వైనరీ సంగతి. మానేయమని నేను అనను, ఇంకో రోజు పెట్టుకోండి. పెళ్లయ్యాక మీ ఇద్దరికీ ఒక పూట మీదంటూ దొరికింది ఎప్పుడు? కానీ హీల్డ్స్‌బర్గ్ వద్దు. ఓసారి మేం రెండు గంటలు డ్రైవ్ చేసి వెళితే, 21 ఏళ్లలోపు వాళ్లని గేటు లోపలికి కూడా రానివ్వమన్నారు. వెనక సీట్లో ఇద్దరు ఆకలిగా ఉన్న పిల్లలు, బయట 37 డిగ్రీల ఎండ. ముందుగా ఫోన్ చేయకపోవడం మాదే తప్పు. పిల్లల్ని రానిస్తారా, బయటి తిండి తెచ్చుకోవచ్చా అని రెండూ అడగాలి. చాలాచోట్ల రెండోది ఒప్పుకోరు.

చిన్నపిల్లలున్నన్నాళ్లూ నా సలహా సోనోమా ఊరు. ఊరి మధ్యలో ప్లాజా ఉంది, పెద్ద చెట్లు, బాతుల చెరువు, ఆడుకునే చోటు. చుట్టూ నడిచేంత దూరంలోనే వైన్ రుచి చూపించే టేస్టింగ్ రూమ్‌లు. ఒకరు బాతుల దగ్గర పిల్లలతో ఉంటే ఇంకొకరు ముప్పావు గంట వెళ్లి రావచ్చు, తర్వాత మార్చుకోవచ్చు. ఊరికి దగ్గర్లోనే ట్రెయిన్‌టౌన్ అని బుల్లి రైలు, సొరంగాలు, వంతెనలు, మధ్యలో మేకలకి మేత పెట్టే స్టాపు. మీ పెద్దాడికి ఉన్న రైలు పిచ్చికి అదొక్కటే చాలు.

తిరిగి డ్రైవ్ చేసేవాళ్లు మాత్రం ఆ రోజు తాగకూడదు. చట్టం పెట్టిన హద్దు రక్తంలో మద్యం 0.08 శాతం కదా, రెండు గుక్కలే కదా అనుకోవద్దు. రుచి చూసి ఉమ్మేయడానికి అక్కడ గిన్నె పెడతారు. నలుగురిలో ఉమ్మడం మనకి ఏదోలా ఉంటుంది కానీ అక్కడ అది మామూలే. అల్లుడుగారికి కూడా ఈ మాట నేను చెప్పానని చెప్పు.

తీగలు దగ్గరగా చూపించే వైనరీ దొరికితే పిల్లల్ని వంచి ఒక గుత్తి చూపించు. ఈ నెలలో ఒకే గుత్తిలో కొన్ని పచ్చగా, కొన్ని ఎర్రగా, కొన్ని నల్లగా ఉంటాయి, సగం పండిన నేరేడు పళ్లలా. పోయిన సెప్టెంబర్‌లో మా మనవడికి అక్కడి అమ్మాయి ఒక పండు కోసి ఇచ్చింది. నొక్కితే రసం నీళ్లలా తెల్లగా వచ్చింది. "నల్ల పండులో తెల్ల రసమేంటి అమ్మమ్మా?" అన్నాడు. రంగంతా తొక్కలో ఉంటుందని, తొక్కతో కలిపి నానబెడితేనే వైన్ ఎర్రబడుతుందని ఆ అమ్మాయే చెప్పింది. ఇంటికొచ్చే దాకా వాడు వేళ్లు వాసన చూసుకుంటూనే ఉన్నాడు.

రెడ్‌వుడ్స్‌కి వేరే రోజు పెట్టుకోండి. గర్న్‌విల్ దగ్గర ఆర్మ్‌స్ట్రాంగ్ అడవిలో దారి చదునుగా ఉంటుంది, స్ట్రోలర్ వెళుతుంది. 1400 ఏళ్లు దాటిన చెట్టుంది అక్కడ. దారి పక్కన మూడేసి ఆకులున్న పొదల్ని మాత్రం ముట్టుకోనివ్వకు, ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి.

శుక్రవారం సాయంత్రం ఇటు వచ్చి మా పెద్ద ఐస్ బాక్స్, బైనాక్యులర్స్ తీసుకెళ్లు. చంటిదానికి ఉన్ని టోపీ అల్లుతున్నాను, అప్పటికి అయిపోతుంది.

మీ పెద్దమ్మ