జైల్లో ఉన్న తమ్ముడి వైద్యం ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?

ప్రశ్న: మాది శ్రీకాళహస్తి దగ్గర పల్లె. పొలం గట్టు తగాదాలో మా తమ్ముడి మీద హత్యాయత్నం కేసు పెట్టారు. నెల రోజులుగా సబ్‌జైల్లో రిమాండులో ఉన్నాడు. వాడికి చాలా ఏళ్లుగా షుగర్ ఉంది. ఇప్పుడు కాలికి పుండు పడి మానడం లేదు. ములాఖత్‌కు వెళ్తే, "ఇన్సులిన్, మందులు మీరే తెచ్చివ్వండి, ఆపరేషన్ దాకా పోతే ఆ ఖర్చూ మీదే" అని అక్కడ ఒకాయన చెప్పాడు. ఇప్పటికే ఏడు వేల దాకా పెట్టాం. అమెరికాలో ఉన్న మా మరిదిని అడిగితే, అక్కడ జైల్లో డాక్టరును చూడాలంటే ఖైదీయే ఫీజు కట్టాలి, ఇక్కడా అంతేనేమో అన్నాడు. నిజంగా మేమే కట్టాలా? పెట్టిన డబ్బు తిరిగి వస్తుందా? ఒకటే టెన్షన్‌గా ఉంది.
- ఒక అక్క

జవాబు: మీరు కట్టాల్సిన పని లేదమ్మా. మీ మరిది చెప్పింది అక్కడి వరకు నిజమే. అమెరికాలో చాలా కౌంటీ జైళ్లు డాక్టరు దగ్గరికి పంపినందుకు ఖైదీ ఖాతాలోంచి కొంత కోసుకుంటాయి. మన దగ్గర ఆ పద్ధతి లేదు. భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 56వ సెక్షన్ ప్రకారం, నిందితుడు ఎవరి కస్టడీలో ఉంటే అతని ఆరోగ్యం, భద్రత చూసుకోవాల్సింది వాళ్లే. రాజ్యాంగం ప్రకారం జైళ్లు రాష్ట్రం కిందికి వస్తాయి కాబట్టి ఆ ఖర్చు రాష్ట్ర ప్రభుత్వానిది. 'బడ్జెట్ లేదు' అన్న మాటా నిలవదు. పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి కేసు జైలుకు సంబంధించింది కాకపోయినా, ప్రాణం కాపాడే వైద్యానికి డబ్బు లేదని ప్రభుత్వం తప్పించుకోకూడదని 1996లో సుప్రీంకోర్టు అందులో చెప్పింది. మీ తమ్ముడి మీద నేరం ఇంకా రుజువు కాలేదు. రుజువైనా ఈ హక్కు పోదు.

అయితే జైలు దగ్గర ఆయన నోటితో చెప్పాడు, మీరు మందులు కొనిచ్చారు. ఎక్కడా ఒక్క కాగితం లేదు. ముందు అది సరిచేయండి. షుగర్ పాత రిపోర్టులు, డాక్టరు చీటీలు జత చేసి జైలు సూపరింటెండెంట్‌కు అర్జీ ఇవ్వండి. రెండో కాపీ మీద ముట్టినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. తీసుకోకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి.

తర్వాత కోర్టు. మేజిస్ట్రేటు ఒక్కసారికి 15 రోజులకు మించి రిమాండు పొడిగించరు. అంటే మీకు మళ్లీ మళ్లీ అవకాశం వస్తుంది. చాలామంది ఆ రోజును వట్టి వాయిదాగా వదిలేస్తారు. అలా వదలకుండా ఆ రోజే మీ వకీలుతో పిటిషన్ వేయించండి. జైలు డాక్టరు రిపోర్టు తెప్పించాలని, తిరుపతి రుయా ప్రభుత్వ ఆస్పత్రిలో చూపించాలని, అక్కడి డాక్టర్లు రాస్తే స్విమ్స్ ఆస్పత్రికి పంపాలని, ఇన్సులిన్, డ్రెస్సింగ్, షుగర్ రోగికి తగిన తిండి ఇవ్వాలని విడివిడిగా అడగాలి. రిమాండు వీడియోలో జరిగితే మీ తమ్ముణ్ని నేరుగా మేజిస్ట్రేటు గారికే కాలు చూపించమనండి. తెర మీదైనా సరే, వకీలు పది నిమిషాల వాదన కంటే ఆ పుండు బాగా మాట్లాడుతుంది.

నా అనుభవంలో డబ్బు కన్నా పెద్ద చిక్కు గార్డు. ఆస్పత్రిలో ఓపీ తేదీ ఇస్తారు, ఆ రోజు ఎస్కార్టు పోలీసులు దొరకరు, తేదీ దాటిపోతుంది. షుగర్ పుండుకు అన్ని రోజులు ఆగే ఓపిక ఉండదు. అందుకని ఎస్కార్టు ఇచ్చి ఫలానా తేదీలోపు తీసుకెళ్లాలని ఆర్డర్లోనే రాయించండి.

ఇక మీ ఏడు వేలు. బిల్లు ఇస్తే వెంటనే తిరిగి ఇచ్చే సెక్షన్ ఏదీ లేదు. బిల్లులు తమ్ముడి పేరు మీద ఉంటే, జైలు ఇవ్వనందువల్లే కొన్నామని రాసి అడగొచ్చు. కాదంటే హైకోర్టులో రాజ్యాంగం 226 అధికరణం కింద రిట్ పిటిషన్ వేయొచ్చు. ఏడు వేల కోసం అమరావతి దాకా వెళ్లమని నేనైతే చెప్పను. ఇకమీదట జైలు డాక్టరు రాసి, స్టాకు లేదని కాగితం మీద చెబితేనే కొనండి. ఇచ్చిన మందుకు రసీదు తీసుకోండి. మీకు నచ్చిన ప్రైవేటు ఆస్పత్రిలోనే చూపించాలనుకుంటే కోర్టు అనుమతి కావాలి, మామూలుగా ఆ బిల్లు మాత్రం మీ మీదే పడుతుంది.

వకీలు ఫీజుకు ఇబ్బందైతే ఉచిత న్యాయ సహాయం నంబరు 15100కు ఫోన్ చేయండి. కస్టడీలో ఉన్నవాళ్లకు, ఆదాయంతో పని లేకుండా, ఉచితంగా న్యాయవాదిని పెట్టాలని 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ చెబుతోంది.

జబ్బు పేరుతో బెయిలు అడగొచ్చా అని మీరు అడగలేదు, కానీ అక్కడికే వస్తారు. అడగొచ్చు. ప్రభుత్వ ఆస్పత్రిలో ఈ వైద్యం దొరుకుతుందా అని కోర్టు చూస్తుంది. దొరుకుతుందంటే జబ్బు ఒక్కటే చూసి ఇవ్వడం కష్టం. ఒకవేళ ఇస్తే, తమ్ముడు బయటికొచ్చిన గంట నుంచి కస్టడీ ఉండదు, ప్రభుత్వ బాధ్యతా ఉండదు. ఆపరేషన్ రేపనగా బెయిలు వస్తే సంతోషపడి సంతకాలు పెట్టి, ఆ తర్వాత బిల్లు చూసి కూలబడిన కుటుంబాలు ఉన్నాయి. బెయిలు వద్దని కాదు. పిటిషన్ వేసే ముందే ఎన్టీఆర్ వైద్య సేవలో తమ్ముడి పేరు ఉందో లేదో, ఆ ఆపరేషన్ అందులో వస్తుందో రాదో ఆస్పత్రిలోని పథకం కౌంటరులో కనుక్కోండి.