రంగు, అంకె, గుర్తు: ముందు ఒక కుచ్చు కట్టి చూడు

చిరంజీవి అమ్మడికి పెద్దనాన్న ఆశీస్సులు.

యూదుల మత చిహ్నాల్లో రంగులకీ అంకెలకీ ఉన్న సంబంధం గురించి కాలేజీలో మాట్లాడబోతున్నావని తెలిసి చాలా సంతోషం వేసింది. నువ్వు పంపిన పట్టిక చూశాను. నీలం అంటే దైవత్వం, ఏడు అంటే సంపూర్ణత, ఇలా ఉంది. దాన్ని పక్కన పెట్టెయ్యి తల్లీ. ఆ అర్థం ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో అందులో లేదు. యూదు సంప్రదాయంలో ఏ మాటైనా ఒక రబ్బీ (యూదు మతగురువు) పేరుతోనో, ఒక గ్రంథం పేరుతోనో వస్తుంది. అది వదిలేస్తే మిగిలేది జాతకాల చార్టు.

అన్నీ చెప్పాలని చూడకు. ఒక్క కుచ్చు తీసుకో. రంగు, అంకె, గుర్తు మూడూ అందులోనే ఉన్నాయి.

సంఖ్యాకాండం 15వ అధ్యాయం చివర్లో, బట్టల అంచులకు కుచ్చులు చేసుకుని వాటికి నీలిసూత్రం తగిలించాలని ఉంది కదా. ఆ కుచ్చే త్సీత్సీత్. తల్లీత్ అనే ప్రార్థన శాలువాకి నాలుగు మూలలా వేలాడుతుంది. తెల్ల ఉన్నిదారం కొనుక్కొచ్చి నీ చేత్తో ఒకటి కట్టు. నాలుగు దారాలు కావాలి, అందులో ఒకటి బాగా పొడుగుండాలి. గుడ్డ మూలన చిన్న రంధ్రం చేసి, వాటిని దూర్చి మడిస్తే ఎనిమిది పోగులవుతాయి. ముందు ఒక జంటముడి వెయ్యి. తర్వాత పొడుగు పోగుని మిగతావాటి చుట్టూ 7 సార్లు చుట్టి ముడి, 8 చుట్టి ముడి, 11 చుట్టి ముడి, 13 చుట్టి ముడి. అష్కెనాజీ, అంటే మధ్య, తూర్పు యూరప్ మూలాలున్న యూదుల్లో ఎక్కువగా కనిపించే పద్ధతి ఇది. మొత్తం ఐదు ముళ్లు, 39 చుట్లు.

ఇక లెక్కకి రా. హీబ్రూలో ప్రతి అక్షరానికీ ఒక విలువ ఉంది, ఆ విలువలతో చేసే లెక్కే గెమత్రియా. 7, 8 కలిస్తే 15. దేవుని నాలుగక్షరాల నామంలో మొదటి రెండూ యోద్ (10), హే (5). తర్వాతి 11లో వావ్ (6), హే (5) ఉన్నాయి. 13 ఎహాద్ అనే మాట విలువ, అంటే 'ఒక్కడే'. దారం చుట్టినంతసేపూ ఆ చెయ్యి 'ప్రభువు ఒక్కడే' అని లెక్కపెడుతూ ఉంటుందన్నమాట! త్సీత్సీత్ అనే మాట విలువ 600. దానికి ఎనిమిది పోగులు, ఐదు ముళ్లు కలిపితే 613, తోరాలోని (బైబిల్ మొదటి ఐదు కాండాల్లోని) ఆజ్ఞల సంఖ్య. 11వ శతాబ్దపు రబ్బీ రాషీ రాసిన వ్యాఖ్యానంలో ఈ లెక్క ఉంది. అయితే ఒక సంగతి దాచకు. తోరాలో ఆ మాటని ఒక యోద్ తక్కువగా రాస్తారు, అప్పుడు 590 మాత్రమే వస్తుంది. మధ్యయుగపు రబ్బీలే ఈ ప్రశ్న వేసి, జవాబులు వెతికారు. ఇది నువ్వే ముందు చెబితే వినేవాళ్లకి నీ మీద నమ్మకం కుదురుతుంది.

ఆ నీలం పేరు తెఖేలెత్. రబ్బీల ధర్మచర్చల గ్రంథమైన తల్మూద్‌లో రబ్బీ మేయిర్ అంటాడు: తెఖేలెత్ సముద్రాన్ని పోలి ఉంటుంది, సముద్రం ఆకాశాన్ని, ఆకాశం మహిమ సింహాసనాన్ని. కన్ను ఒక్కో మెట్టూ ఎక్కుతూ పైకి పోతుంది. ఈ విషయం మీద ఇంత అందమైన మాట నేను మరొకటి చదవలేదు. ఈ రంగు ఒక సముద్రపు జీవి నుంచి వచ్చేది. తర్వాత ఆ విద్య వెయ్యేళ్లకు పైగా మరుగున పడింది. అందుకే ఇవాళ్టికీ చాలామంది కుచ్చులు పూర్తిగా తెల్లగా ఉంటాయి. మ్యూరెక్స్ అనే నత్త నుంచి తీసిన ఊదా రంగు, తయారీలో ఎండ తగిలితే నీలంగా మారుతుందని 1980లలో ఒట్టో ఎల్స్‌నర్ అనే రసాయన శాస్త్రవేత్త గమనించాడు. మన నీలిమందు రంగు కూడా చూపుకి అచ్చం అలాగే ఉంటుంది. తల్మూద్ దాన్ని కలా ఇలాన్ అంటుంది. దాంతో అద్దిన దారాన్ని తెఖేలెత్ అని చెప్పి తగిలించేవాణ్ని దేవుడు శిక్షించకుండా విడిచిపెట్టడని గట్టిగా హెచ్చరిస్తుంది. రంగు ఎలా కనిపిస్తుందన్నదే కాదు, ఎక్కణ్ణుంచి వచ్చిందన్నదీ ముఖ్యమే. నీ ప్రసంగంలో ఎక్కువ టైమ్ దీనికే ఇవ్వు.

మిగతావి క్లుప్తంగా చాలు. మెనోరా అనే దీపవృక్షానికి ఏడు దీపాలు. హనుక్కా అనే దీపాల పండక్కి వాడే దీపస్తంభానికి తొమ్మిది: ఎనిమిది రాత్రులకి ఎనిమిది, వాటిని వెలిగించడానికి శమాష్ ఒకటి. నీ పట్టికలో రెండింటికీ ఒకే బొమ్మ ఉంది, మార్చు. ఆరు కోణాల నక్షత్రాన్ని 'బైబిల్ కాలం' కింద పెట్టకు. అది యూదులందరి గుర్తుగా స్థిరపడింది చాలా ఆలస్యంగా. చేతికి కట్టే ఎర్రదారం కూడా తోరా ఆజ్ఞ కాదు. వేలికి ఎర్రదారం కట్టడాన్ని తోసెఫ్తా అనే పాత రబ్బీల గ్రంథం అన్యుల ఆచారాల్లో చేర్చింది.

వీలైతే గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెం వెళ్లిరా. బెనె ఎఫ్రాయిమ్ అనే తెలుగు యూదు సమాజం అక్కడ ఉంది. ముందుగా అడిగి వెళ్లు. సబ్బాతు (శనివారపు విశ్రాంతి దినం) రోజైతే ఫోనూ పెన్నూ సంచిలోంచి తీయకు. వాళ్లు చెప్పింది పుస్తకంతో కలవకపోతే వాదించకు, ఇంటికొచ్చాక వాళ్ల మాటగానే రాసుకో.

స్లైడ్లలో 15 అంకెని హీబ్రూలో వేసేటప్పుడు యోద్, హే వాడకు. అది దేవుని పేరవుతుందని వాళ్లు తేత్ (9), వావ్ (6) రాస్తారు. కంప్యూటర్లో హీబ్రూ ఒక్కోసారి తిరగబడి వస్తుంది, కుడి నుంచి ఎడమకే ఉండాలి. పూర్తయ్యాక నాకు పంపు, అక్షరం అక్షరం చూసి పెడతాను.

మీ పెద్దనాన్న