కిడ్నీ జబ్బు ఉన్నవారికి చీలమండ బీపీ పరీక్ష నార్మల్ వస్తే కాలి రక్తనాళాలు బాగున్నట్టేనా?

అలా అని గట్టిగా చెప్పలేం, నార్మల్ వచ్చినా లోపల ధమనులు పూడుకుపోయి ఉండొచ్చు. కిడ్నీలు దెబ్బతింటే ఒంట్లో ఫాస్ఫరస్ పేరుకుని, ధమనుల గోడల్లో కాల్షియం చేరి అవి గట్టిపడతాయి, దాంతో బీపీ పట్టీ ఎంత బిగించినా నాళం సరిగ్గా నొక్కుకోదు, అంకె ఉన్నదానికంటే ఎక్కువ వస్తుంది. ఉదాహరణకి చేతి బీపీ 140 ఉన్న మనిషికి చీలమండలో అసలు ఒత్తిడి 90 అయినా పరీక్షలో 140 చూపించవచ్చు; అప్పుడు చీలమండ బీపీని చేతి బీపీతో భాగిస్తే వచ్చే నిష్పత్తి 0.64 బదులు 1 అవుతుంది, చూడ్డానికి నార్మల్. అందుకే అనుమానం ఉంటే కాలి బొటనవేలి దగ్గర కొలుస్తారు, అక్కడి సన్న నాళాలు అంతగా గట్టిపడవు. నడిస్తే పిక్కలు లాగితేనే కాలి ధమనులు పూడుకున్నట్టని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. షుగర్ కూడా ఉండి నరాలు మొద్దుబారినవాళ్లకి ఆ నొప్పే తెలియకపోవచ్చు, మడమ మీద మానని చిన్న పుండే మొదటి గుర్తు కావచ్చు.