షెడ్డు ముచ్చట: నాయన సైకిలు, అత్తగారి మిషను, పదేళ్లుగా నిలబడిపోయిన చేతక్

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకటే బాధ. రంగు వేశాం, ఆయిలు పోశాం, నాలుగు రోజులు బాగుంది, మళ్లీ మొదటికొచ్చింది అని. అందుకని ఈసారి ఎక్కువగా ఆ వరస ఉత్తరాలే తీసుకున్నా, మూడిటికి కాస్త పెద్దగానే రాశా, ఎందుకంటే అవి అడిగినవాళ్లకే కాదు, సముద్రం గాలి తగిలే మనందరికీ పనికొచ్చేవి.

అన్నా, మాది ఒంగోలు దగ్గర కొత్తపట్నం. మా నాయన తొక్కిన హెర్క్యులిస్ సైకిలు ఉండాది. ఆయన పోయి రెండేళ్లయింది, దాన్ని బాగుచేసి పెట్టుకుందామని రెండుసార్లు ఎమరీ పేపర్ కొట్టి నల్ల ఎనామిల్ వేశా. మూణ్ణెల్లు తిరక్కముందే పెయింటు పొక్కులు లేచి కింద తుప్పు కనపడతా ఉంది. మంచి పెయింటు ఏదో చెప్పు. ఇంకోటి, ఎడమ పెడల్ ఎంత బలంగా తిప్పినా రావడంలే.

తమ్ముడూ, పెయింటు తప్పు కాదు, నువ్వు ఎంత ఖరీదుది కొన్నా ఇదే జరుగుద్ది. మీ ఊళ్లో గాల్లోనే ఉప్పు ఉంది, అది ఇనుము మీద చేరి గాల్లోని తేమని పీల్చుకుంటా ఉంటది, వాన పడకపోయినా ఆ ఇనుము ఎప్పుడూ చెమ్మగానే ఉన్నట్టు లెక్క. నువ్వు ఎమరీ పేపర్ కొట్టినప్పుడు పైన తుప్పు పోయి మెరిసింది గానీ చిన్న చిన్న గుంటల్లో ఉప్పు అట్నే ఉండిపోయింది, దాని మీద పెయింటు వేసి మూత పెట్టేశావు. తుప్పు అనేది ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటది, లోపల అది పెరిగేకొద్దీ పెయింటుని పైకి నెడతది. నువ్వు చూసే పొక్కు అదే.

కాబట్టి ముందు కడగాలి. ఐరన్ బ్రష్‌తో గీకినాక మంచినీళ్లతో, ఉప్పునీళ్ల బోరు అయితే వద్దు, క్యాను నీళ్లు కొనైనా సరే, రెండు మూడుసార్లు కడిగి, గుడ్డతో తుడిచి, ఎండలో బాగా కాగనిచ్చి మళ్లీ గీకాలి. ఒక్కసారితో అయిపోయిందనుకోవద్దు, ఆరినాక మళ్లీ ఎర్రగా ఎక్కడ పొడ కడితే అక్కడ ఉప్పు మిగిలినట్టు. శుభ్రంగా ఉందనిపించిన రోజే, అదే పూట, రెడాక్సైడ్ ప్రైమర్ వేసేయి. రేపు వేద్దాంలే అని రాత్రికి బయట వదిలితే పొద్దునకి మళ్లీ తుప్పు మొదలవుద్ది, మీ ఊరి గాలికి ఒక్క రాత్రి చాలు. ప్రైమర్ బాగా ఆరినాక ఎనామిల్ పల్చగా రెండు చేతులు, ఒక్కటే మందంగా వద్దు.

బ్రాకెట్లు, నట్లు, స్టాండు క్లిప్పులు లాంటి చిన్న సామానుకి కరెంటు పద్ధతి మంచిది. ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు పోసి నాలుగు లీటర్లకి ఒక పెద్ద చెంచా బట్టల సోడా కలుపు. తుప్పు పట్టిన ముక్కని పాత రకం 12 వోల్టుల బ్యాటరీ ఛార్జర్ మైనస్ వైరుకి కట్టు, ప్లస్ వైరుకి పనికిరాని ఇనప రేకు ముక్క కట్టు, రెండూ నీళ్లలో మునగాలి గానీ ఒకదానికొకటి తగలకూడదు. కొన్ని గంటల్లో తుప్పు నల్లటి బురదగా మారి బ్రష్‌కి ఊడొస్తది, లోపలి మంచి ఇనుము అరగదు. ప్లస్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు స్పూనో గిన్నెనో పెట్టొద్దు, దాంట్లో ఉండే క్రోమియం నీళ్లలోకి విషంగా దిగుతది. క్రోమ్ వేసిన హ్యాండిల్, అల్యూమినియం సామాను అసలు ఇందులో ముంచొద్దు. బుడగలుగా వచ్చేదాంట్లో హైడ్రోజన్ ఉంటది, నిప్పు తగిలితే పేలే గ్యాసు, కాబట్టి ఈ పని బయట గాలి తగిలే చోట, బీడీ సిగరెట్లకి దూరంగా. చెయ్యి పెట్టేముందు ఛార్జర్ ఆపు.

ఇక పెడల్ సంగతి. ఎడమ పెడల్‌కి మర ఉల్టా ఉంటది తమ్ముడూ. మామూలుగా విప్పే వైపు తిప్పితే అది ఇంకా బిగుసుకుంటది, నువ్వు ఇన్నాళ్లూ బలమంతా పెట్టి బిగించావు. రాత్రి కాస్త డీజిల్ పోసి నాననిచ్చి, పొద్దున్నే గడియారం ముల్లు తిరిగే వైపు పానా వేసి తిప్పు. కుడి పెడల్ మామూలే. క్రాంకుని, అంటే పెడల్ బిగించే ఇనప చేతిని, ఇరుసుకి పట్టి ఉంచే కాటర్ పిన్ను కూడా తీయాల్సొస్తే నట్టు పూర్తిగా తీసేయకుండా మర చివరికి సమంగా వచ్చేదాకా వదులు చేసి, క్రాంకు కింద గట్టి పైపు ముక్క ఆనించి, సుత్తితో ఒక్కటే గట్టి దెబ్బ. చిన్న చిన్న దెబ్బలు వందేస్తే పిన్ను తల పువ్వులాగా విచ్చుకుని ఇక జన్మలో రాదు.

ఒక మాట నా తరఫున. హెర్క్యులిస్ మన పక్కనే మద్రాసు అంబత్తూరులో టీఐ సైకిల్స్ వాళ్లు చేసిన బండి, ఆ కాలం ఫ్రేములు మందమైన ఇనుము, ఇప్పుడు వెతికినా అంత బరువుది దొరకదు. ఫ్రేము మీద నంబరు కొట్టిన చోట, ముందు బ్యాడ్జీ దగ్గర గీకొద్దు, నాయన చేతి గ్రిప్పులు పగిలినా దాచిపెట్టు. సీటు తోలు మార్చినా కింద స్ప్రింగులు అవే ఉంచు. కొత్తదాన్లాగా మెరవాల్సిన అవసరం లేదు దానికి, నువ్వు ఎక్కి బజారుకి పోయేట్టుంటే చాలు.

అన్నయ్యా, మాది కోవూరు. 2021 నవంబర్లో పెన్నా పొంగినప్పుడు ఇంట్లోకి మోకాల్లోతు నీళ్లొచ్చాయి, మా అత్తగారి కుట్టు మిషను కాళ్ల భాగం రెండ్రోజులు నీళ్లలోనే ఉంది. అప్పట్నుంచి మూలన పెట్టేశాం. ఇప్పుడు చూస్తే పైన చక్రం కూడా తిరగట్లేదు. మా ఆయన కొబ్బరినూనె పోశారు, తిరిగింది, వారానికి మళ్లీ బిగుసుకుపోయింది. పాత ఇనుముకి ఇచ్చేయమంటున్నారు.

ఇవ్వొద్దు చెల్లెమ్మా, దయచేసి ఇవ్వొద్దు. ఇక్కడ రెండు జబ్బులున్నాయి, రెంటికీ ఒకటే మందు వేస్తున్నారు. కింద ఉన్నది వరద బురద. పైన తలకాయ భాగానికి వరద తగల్లేదు, అది బిగుసుకుంది నూనె వల్ల, ఏళ్ల తరబడి వాడకుండా పెడితే లోపలి నూనె ఆరి జిగురైపోతది, దాని మీద కొబ్బరినూనె పోస్తే ఆ పూటకి జిగురు కరిగి తిరుగుద్ది, తర్వాత ఆ కొబ్బరినూనే ఇంకో జిగురు. చలికాలంలో సీసాలోనే గడ్డకట్టే నూనె అది, మిషన్‌లో ఏం చేస్తదో మీరే చెప్పండి.

మొదట సూది, బాబిన్ కేసు తీసేసి లోపల చూడండి, చాలాసార్లు చక్రం తిరక్కపోవడానికి కారణం అక్కడ చుట్టుకున్న దారం ముక్కే, పట్టకారుతో లాగితే అయిపోతది. ఆ తర్వాత నూనె బొక్కలన్నిట్లో కొద్దికొద్దిగా కిరసనాయిలు, దొరక్కపోతే డీజిల్ వేసి, చక్రాన్ని చేత్తో ముందుకీ వెనక్కీ కొంచెం కొంచెం ఆడించండి, తిరక్కపోతే బలవంతం వద్దు, రాత్రంతా వదిలేసి మళ్లీ పొద్దున. గోధుమరంగు జిగురు కారతా ఉంటది, తుడుస్తా ఉండండి. శుభ్రంగా తిరిగినాకే మిషను ఆయిలు, బొక్కకి ఒకటి రెండు చుక్కలు. పాత గుడ్డ మీద దారం లేకుండా కాసేపు తొక్కితే ఎక్కువైన నూనె బయటికొచ్చేస్తది.

కింద కాళ్ల దగ్గర బురద ఎండి బేరింగుల్లో ఇరుక్కుని ఉంటది, నీళ్లతో కడిగి ఆరబెట్టి గ్రీజు పెట్టండి. చెక్క బల్ల ఉబ్బి ఉంటే నీడలో ఆరబెట్టండి, ఎండలో పెడితే పగుల్తది. మిషను మీద బంగారు పువ్వుల డిజైను ఉంటే దాన్ని స్పిరిట్‌తో, పౌడర్‌తో తోమొద్దు, మెత్తటి గుడ్డకి మిషను ఆయిలు రాసి తుడిస్తే చాలు. ఆ పువ్వు ఒకసారి పోతే మళ్లీ రాదు. తోలు బెల్టు జారితే కొత్తది కొనక్కర్లేదు, అరంగుళం కత్తిరించి క్లిప్పు మళ్లీ వేయండి.

పొదిలి నుంచి: ఫ్యాను 5లో పెట్టినా 2లో తిరిగినట్టు తిరుగుతుంది, మోటారు చుట్టించాలా?

ముందు మెయిన్ ఆపి రెక్కని చేత్తో తిప్పి చూడండి. సులభంగా తిరిగి నిదానంగా ఆగితే బేరింగు బాగుంది, తప్పు ఎక్కువగా కండెన్సర్‌ది, పాతబడేకొద్దీ దాని శక్తి తగ్గిపోతది. దాని మీద ఏం రాసుందో చూసి అదే కొనండి, మామూలు ఇంటి ఫ్యాన్లకి ఎక్కువగా 2.5 మైక్రోఫ్యారడ్ ఉంటది. స్పీడు పెరుగుద్దని 4ది వేయొద్దు, మోటారు వేడెక్కి అప్పుడు నిజంగానే చుట్టించాల్సొస్తది. తిప్పినప్పుడు గరగర మంటే బేరింగు మార్చాలి.

నెల్లూరు వేదాయపాళెం నుంచి: మా మామయ్యది 1987 బజాజ్ చేతక్, పదేళ్లుగా కారు షెడ్డులో ఉంది. కిక్ కొడితే కొంచెం కదిలి ఆగిపోతుంది. ఇంట్లోనే బాగుచేసుకోవచ్చా? పాతబండి కాబట్టి వింటేజ్ నంబరు వస్తుందని ఎవరో చెప్పారు.

ఇంకొక్క కిక్ కూడా కొట్టొద్దు. సిలిండర్ లోపల తుప్పు పట్టి రింగులు అతుక్కుని ఉంటాయి, బలంగా కొడితే రింగు విరుగుద్ది, అప్పుడు చిన్నపని పెద్దపనైపోతది. ప్లగ్గు విప్పి ఆ బొక్కలోంచి రెండు చెంచాల టూటీ ఆయిలు, అంటే టూ స్ట్రోక్ బండ్లకి పెట్రోల్లో కలిపే ఆయిలు, పోసి రెండ్రోజులు వదిలేయండి. తర్వాత ప్లగ్గు లేకుండానే, టాప్ గేరులో పెట్టి, వెనక చక్రం చేత్తో మెల్లగా ముందుకీ వెనక్కీ ఆడించండి. వదులైనాకే మిగతా పని.

ట్యాంకులో పదేళ్ల నాటి పెట్రోలు ఉంటది, అది పెట్రోలు కాదు, వార్నిష్. మొత్తం తీసేసి ట్యాంకు విప్పండి, లోపల తుప్పుంటే చిన్న నట్లు ఒక గుప్పెడు వేసి కొంచెం డీజిల్‌తో గిలకరించి, వంపి, మళ్లీ గిలకరించాలి. బొక్క పడితే మాత్రం ఇంట్లో గానీ తెలిసిన కుర్రాడి దగ్గర గానీ వెల్డింగ్ పెట్టించొద్దు. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరే పేలుద్ది, నిండు ట్యాంకు కంటే అదే ప్రమాదం. నా కళ్లముందే ఒక షెడ్డులో పేలింది, ఆ మనిషి బతికాడు గానీ కుడిచెయ్యి పనికి రాకుండా పోయింది, ఇరవై ఏళ్లయినా ఆ చప్పుడు మర్చిపోలేదు. ట్యాంకు మార్చేయండి.

కార్బొరేటర్ విప్పి జెట్‌లో, అంటే పెట్రోలు వచ్చే సన్న బొక్కలో, ఉన్న గమ్ము తీయాలి, సూది పెట్టి పొడవొద్దు, బొక్క పెద్దదవుద్ది, కార్బొరేటర్ క్లీనర్‌లో నానబెట్టి గాలి కొట్టించండి. పెట్రోలు పైపు, రబ్బరు వాషర్లు అన్నీ కొత్తవే వేయండి, ఇప్పుడు బంకులో వచ్చే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తా ఉంది, 1987 నాటి రబ్బరు దానికోసం చేసింది కాదు, దానికితోడు ఇథనాల్ నీళ్లని పీల్చుకుంటది కాబట్టి బండి నెలల తరబడి ఆపేట్టుంటే ట్యాంకు ఖాళీ చేసి పెట్టడమే మేలు. లీటరుకి 20 మిల్లీలీటర్ల టూటీ ఆయిలు కలిపే పోయాలి, ఉత్త పెట్రోలు పోస్తే టూ స్ట్రోక్ ఇంజను పట్టేస్తది. స్పార్క్ పుట్టించే పాయింట్లు ఉన్న మోడల్ అయితే వాటిని సన్నటి ఎమరీతో ఒకసారి తుడవండి, పదేళ్లు నిలబడ్డ బండికి స్పార్క్ రాకపోవడానికి చాలాసార్లు కారణం ఆ మురికే. సైలెన్సర్ కార్బన్‌తో మూసుకుపోయి ఉంటే బండి స్టార్ట్ అయినా లాగదు.

టైర్లు చూసేదానికి బాగున్నా వాడొద్దు, పదేళ్ల రబ్బరు గట్టిపడి పగుల్తది. చక్రం విప్పేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోండి, చేతక్ రిమ్ము రెండు ముక్కలు బోల్టులతో కలిపింది, గాలి పూర్తిగా తీయకుండా ఆ బోల్టులు విప్పితే రిమ్ము ముక్క మొహానికి ఎగురుద్ది. స్టార్ట్ అయిన రోజు ఆనందంలో షెడ్డు తలుపులేసి రేజ్ ఇవ్వొద్దు, ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటది, వాసన తెలీకుండానే మనిషిని పడేస్తది. బండి బయటికి తోసుకొచ్చాకే కిక్.

వింటేజ్ సంగతి, అది మీకు రాదు. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధన ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటినవాటికే, అదీ అసలు రూపం మార్చకుండా ఉంటేనే, నంబర్లో వీఏ అక్షరాలతో ఇస్తారు, కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, ఆ బండి రోజువారీ తిరిగేదానికి కూడా కాదు. చేతక్ మొదలైందే 1972లో, కాబట్టి మొట్టమొదటి బండ్లకే ఇప్పుడు ఆ వయసు వచ్చింది. మీది 15 ఏళ్లు దాటిన మామూలు బండి, ఆర్టీఓ ఆఫీసులో తనిఖీ చేయించుకుని రెన్యువల్ చేసుకోవాలి, అది ఐదేళ్లకి వస్తది. ఆర్సీ కాగితం ఇంట్లో ఉందో లేదో ముందు వెతకండి, బండికి డబ్బులు పెట్టకముందే. ఆ రోజుల్లో చేతక్ బుక్ చేసి ఏళ్లు ఎదురు చూసేవాళ్లు, మీ మామయ్య ఆ రసీదులు కూడా దాచే ఉంటాడు, ట్రంకుపెట్టె అడుగున చూడండి.

కావలి నుంచి ఒక అక్క: తాత టేకు కుర్చీకి తెల్ల పెయింట్ వేస్తే బాగుంటుందా?

వేయొద్దక్కా. ముందు దూదికి స్పిరిట్ రాసి కుర్చీ కాలు వెనక, కనపడని చోట రుద్ది చూడండి. జిగటగా అయ్యి దూదికి గోధుమరంగు అంటితే అది లక్క పాలిష్, పాతది పూర్తిగా గీకక్కర్లేదు, పైన మురికి తుడిచి అదే పాలిష్ మళ్లీ పల్చగా నాలుగైదు చేతులు, ఒక్కోటి ఆరినాక ఇంకోటి పట్టిస్తే తేరుకుంటది. కాళ్లు ఊగుతుంటే మేకు కొట్టొద్దు, కీలు విప్పి పాత సర్రేసు, అంటే చెక్క జిగురు, గీకేసి కొత్తది పెట్టి, తాడుతో బిగించి ఒక రోజు కదపకుండా ఉంచండి.