వ్యాసార్ధమా, వ్యాసార్థమా? గజమా, చదరపు గజమా?

సందేహం: మా డిగ్రీ మొదటి ఏడాది పిల్లల్లో చాలామంది తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు. సి లాంగ్వేజ్‌లో వృత్తం, త్రిభుజం, దీర్ఘచతురస్రం వైశాల్యాలు లెక్కకట్టే చిన్న ప్రోగ్రామ్ రాయిస్తూ, తెర మీద ప్రశ్నలు తెలుగులో వచ్చేలా పెట్టించాను. 'వ్యాసార్థం ఎంత?' అని నేను రాస్తే ఒకబ్బాయి లేచి 'వ్యాసార్ధం కదా మేడం' అన్నాడు. ఏది సరైంది? వృత్తానికి చుట్టుకొలత అనొచ్చా, పరిధి అనే అనాలా? ప్లాటు సంగతి వచ్చినప్పుడు గజాలు అంటే సరిపోతుందా, చదరపు గజాలు అనాలా? (హనుమకొండ నుంచి ఒక అధ్యాపకురాలు)

సమాధానం: ఆ అబ్బాయి చెప్పిందే సరైంది, వ్యాసార్ధం. లోపల చుక్క లేని ధ. వ్యాసం, అర్ధం కలిసి సవర్ణదీర్ఘ సంధితో వ్యాసార్ధం అయింది, అర్ధం అంటే సగం, వ్యాసంలో సగం కాబట్టి వ్యాసార్ధం. చుక్క పెట్టి అర్థం అన్నారంటే అది వేరే మాట. భావం, ప్రయోజనం, ధనం అని చెప్పే మాట. స్వార్థం, పదార్థం, అర్థశాస్త్రం అన్నీ ఆ వైపువి. 'వ్యాసార్థం' అని రాస్తే వ్యాసానికి భావం ఏమిటని అడిగినట్టు అవుతుంది, పైగా వ్యాసం అంటే మనకు పరీక్షలో రాసే వ్యాసం కూడా ఉందాయె!

మీరు పొరపడ్డారని అనను. నా హైస్కూలు నోటుబుక్కులోనూ చుక్క ఉన్న థ-నే ఉండేది, బోర్డు మీద ఏముంటే అది ఎక్కించుకున్నాం. అచ్చులో కూడా ఈ తప్పు తరచూ కనిపిస్తుంది, 'అర్థరాత్రి' కనిపించినట్టే. కథను కూడా కద అనో కధ అనో పలికేవాళ్లం మనం, ఇక చెవికి తేడా ఎట్లా తెలుస్తుంది? అందుకే పిల్లలకు నేనొక చిన్న పరీక్ష చెబుతాను. ఆ మాట ఉన్న చోట 'సగం' లేదా 'అర' పెట్టి చూడండి. కుదిరితే ధ, కుదరకపోతే థ. అర్ధరాత్రి, అర్ధచంద్రుడు, అర్ధశతకం, వ్యాసార్ధం అన్నిటా సగం కుదురుతుంది. 'నాకు సగం కాలేదు' అంటే కుదరదు కదా, కాబట్టి అర్థం కాలేదు.

పాత సాక్ష్యం కూడా ఒకటి ఉంది. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో వ్యాసానికి విష్కంభం అనే మాట వాడారు, చుట్టుకొలతలో సగాన్ని విష్కంభార్ధంతో హెచ్చిస్తే వృత్తఫలం, అంటే వైశాల్యం, వస్తుందన్నారు. వ్యాసం పేరు వేరైనా పక్కన అర్ధం అట్లాగే ఉంది. అక్కడే 20000 విష్కంభం ఉన్న వృత్తానికి చుట్టుకొలత 62832 అని చెబుతూ 'ఆసన్నం' అన్నారు, దగ్గరి విలువ అని. భాగించి చూస్తే 3.1416 వస్తుంది. ఆ 'ఆసన్నం' అనే మాట అంటే నాకు ఎంతో గౌరవం. మన పిల్లలు 22/7 అనేదే పై (π) విలువ అనుకుంటారు, అది కూడా ఆసన్నమేనని ఒక్కసారి చెప్పండి.

మీ ప్రశ్న చూసిన రోజు సాయంత్రం మా మేనకోడలిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ ప్రోగ్రామ్ రాయించి చూశాను. వ్యాసార్ధం విలువను దాచే వేరియబుల్ పేరును ఇంగ్లీషులో రాస్తూ, పైన 'డి' అక్షరంతో డిక్లేర్ చేసింది, కిందికి వచ్చేసరికి 'టి' కొట్టింది. ప్రోగ్రామ్‌ను కంప్యూటర్ భాషలోకి మార్చే కంపైలర్ వెంటనే ఎర్రర్ చూపించింది, ఈ పేరు డిక్లేర్ చేయలేదు అని. దానికి ఏ స్పెల్లింగ్ ఒప్పో తెలియదు, రెండు చోట్లా ఒకేలా ఉండాలంతే. తెర మీద చూపించే ఆదేశం ప్రింట్ఎఫ్‌లో కొటేషన్ల మధ్య పెట్టిన తెలుగు మాటను మాత్రం అది పట్టించుకోదు, థ పెట్టినా అట్లాగే తెర మీదికి పంపిస్తుంది. అక్కడ చూసుకోవాల్సింది మనమే.

సరిచేసి త్రిభుజం మొదలుపెట్టాం. భూమి 10, ఎత్తు 6. సగం కాబట్టి 1/2 అని ముందు రాసి దాన్ని భూమితో, ఎత్తుతో హెచ్చించింది. 30 రావాలి, సున్నా వచ్చింది. 'మామయ్యా, ఎర్రర్ కూడా వస్తలేదు, రన్ అయితుంది కానీ సున్నా చూపిస్తుంది' అని దిగులుగా నా మొహం చూసింది. సంగతేమంటే సి లో పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగిస్తే పూర్ణాంకమే వస్తుంది, దశాంశ భాగం రాలిపోతుంది, 1ని 2తో భాగిస్తే మిగిలేది సున్నా. 0.5 అనో 1.0/2 అనో రాస్తే 30 వచ్చింది. వృత్తంలోనూ అదే కథ. వ్యాసార్ధం 7 ఇచ్చి 22/7 ముందు రాస్తే అది 3 అయిపోయి వైశాల్యం 147 చూపింది, రావాల్సింది 154. ముందు 7, 7, 22 హెచ్చించి చివర 7తో భాగిస్తే 154 సరిగ్గా వచ్చింది, అయితే వ్యాసార్ధం 5 ఇస్తే మళ్లీ దశాంశం పోతుంది, కాబట్టి 22.0/7 అని రాయించడమే మేలు. ఇది మీకు తెలిసిన పాఠమే, నేను చెప్పేది ఎందుకంటే, అర్ధాన్ని తెలుగులో థ పెట్టి పోగొట్టుకుంటున్నాం, ప్రోగ్రామ్‌లో 1/2 రాసి పోగొట్టుకుంటున్నాం. రెండూ ఒకే పీరియడ్‌లో చెబితే పిల్లలకు రెండూ గుర్తుంటాయి.

చుట్టుకొలత మాటకొస్తే, వృత్తానికి నిస్సంకోచంగా వాడండి. బడి పుస్తకాల్లో వృత్తానికి పరిధి, మిగతా ఆకారాలకు చుట్టుకొలత అనే అలవాటు ఉంది, అదీ తప్పు కాదు. కానీ ఇవాళ పరిధి అనగానే 'ఫలానా పోలీస్ స్టేషన్ పరిధిలో' అనేదే ముందు గుర్తొస్తుంది. మన ఓరుగల్లు మట్టికోట, రాతికోట గుండ్రంగా ఒకదాని లోపల ఒకటి ఉంటాయి. వాటి గురించి అడిగేటప్పుడు కోట చుట్టుకొలత ఎంత అంటాం గానీ కోట పరిధి ఎంత అనం. చుట్టుకొలత సమాసం, కలిపి రాయాలి. వేరియబుల్ పేరుగా పెట్టినా మధ్యలో ఖాళీ వదిలితే సి ఒప్పుకోదు. చతురస్రం, చతురశ్రం రెండూ ఉన్నాయి, మీ పిల్లల పుస్తకంలో ఏది ఉంటే అది ఉంచండి.

ఇక గజాలు. దీని మీదే నాకు పట్టుదల ఎక్కువ. 'రెండొందల గజాల ప్లాటు' అన్నప్పుడు అందరికీ అది చదరపు గజమే, మాటల్లో చదరపు వదిలేసినా నష్టం లేదు. ప్రోగ్రామ్‌లో, రాతలో మాత్రం వదలొద్దు. 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు ఉన్న ప్లాటు తీసుకోండి, 1800 చదరపు అడుగులు. గజానికి మూడడుగులు అని చిన్నప్పటి నుంచి విన్న పిల్లవాడు 3తో భాగించి 600 గజాలు అంటాడు. చదరపు గజం అని మాటలో ఉంటే మూడు మూళ్లు తొమ్మిది అని తడుతుంది, 9తో భాగిస్తే 200.

మన వైపు పిల్లలైతే అక్కడితో ఆగరు, గుంటల్లో ఎంత అని అడుగుతారు. గుంట అంటే 121 చదరపు గజాలు, 40 గుంటలు ఒక ఎకరం, 20 గుంటలు అరెకరం. పొలం లెక్క ఇంట్లో రోజూ వినేవాళ్లకు ఈ ప్రోగ్రామ్ ఇంకా దగ్గరవుతుంది. కానీ 200ను 121తో భాగించేటప్పుడు రెండూ ఇంట్‌లో, అంటే పూర్ణాంకాలుగా, ఉంటే తెర మీద '1 గుంట' అనే వస్తుంది, మిగిలిన 79 గజాలు ఎటుపోయాయో చెప్పదు. అక్కడ దశాంశాలు పట్టే ఫ్లోట్ పెట్టించండి, 1.65 గుంటలు అని చూపిస్తుంది.